నలభై జడలు, ఒక ఇంగ్లీషు మాట

ఒకే ఒక్క ఇంగ్లీషు మాట పట్టుకుని నేను మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదు వెళ్లాను. నవ్వేవాళ్లు నవ్వండి. ఆ మాట లుక్ ఆఫ్టర్, అంటే చూసుకోవడం. నారాయణగూడలో ఒక బాలికల బడికి హాస్టల్ వార్డెన్ కావాలన్నారు. ఉద్యోగం వస్తే మా పాప మంజులకు అదే బడిలో మూడో తరగతి సీటు, ఫీజు లేకుండా. కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. నేను చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియం.

అప్పటికి ఆరేళ్లుగా మా ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు హాస్టల్లో నలభైమంది ఆడపిల్లలను చూసుకుంటున్నాను. మా ఆయన లారీ మీద తిరుగుతారు. అందుకని నేనూ మంజులా ఆ హాస్టల్లోనే ఒక గదిలో ఉండేవాళ్లం.

మా ఊరికి పెద్ద లైను, అదే బ్రాడ్ గేజి, కొత్తగా పడిన రోజులవి. ఇంటర్వ్యూ రోజు పొద్దున అయిదూ నలభైకి ప్యాసింజరు. మంజుల ఇంకా నిద్రలోనే ఉంది. జుట్టంతా దిండు మీద చెదిరిపోయి ఉంది. లేపబుద్ధి కాలేదు. నలభైమంది పిల్లల సంగతి వంటామె బాలమణికి చెప్పి బయల్దేరాను.

ఈ బండి ఎక్కేవాళ్లు ఎడమవైపు కిటికీ చూసుకోండి, ఎండ పడదు. జడ్చర్ల దాటేసరికి తెల్లవారింది. పొలాలు, రాళ్లగుట్టలు అన్నీ నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి పోతున్నాయి. బండి చక్రాలు కూడా 'ఐ లుక్ ఆఫ్టర్ ఫార్టీ గర్ల్స్' అంటున్నట్టే వినిపించింది. తమ్ముడు రాసిచ్చిన వాక్యం అది. వారం రోజులుగా అన్నం కలుపుతూ కూడా అదే జపం.

నా పెదవులు కదలడం చూసి ఎదురుగా కూర్చున్న ఒకామె, "ఏం మొక్కుకుంటున్నవ్ అక్కా?" అంది. బాగ్ లింగంపల్లిలో బిల్డింగు పనికి పోతోందట. ఇంటర్వ్యూ సంగతి, నలభైమందిని చూసుకునే సంగతి చెప్పాను.

"అబ్బో, నలభైమందిని అర్సుకుంటవా! నాకు ఇద్దరే పిల్లలు. ఊళ్లె మా అమ్మ కాడ ఉంచిన. గా ఇద్దర్నే అర్సుకునుడు అయితలేదు" అని కిటికీలోంచి బయటికి చూసింది. తెచ్చుకున్న అటుకుల పొట్లం విప్పి సగం పెట్టాను.

తొమ్మిదికి కాచిగూడ. అక్కడినుంచి ఆటోలో నారాయణగూడ మీదుగా అశోక్ నగర్. తమ్ముడి స్నేహితుడు రాజేశ్వర్ అక్కడ గది కిరాయికి తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఆ వీధుల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ఇద్దరిద్దరు జతగా నడుస్తూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలి. నోట్లోంచి తెలుగు ముందుగా ఊడిపడినవాళ్లు చాయ్ తాగించాలి. నన్నూ అలాగే నడిపించాడు. సందు చివరికి చేరకముందే "అయ్యో, చెప్పు తెగింది" అన్నాను. చాయ్ నాదే!

చాయ్ దగ్గర తెలుగుకు అనుమతి ఉంది. "అక్కా, వార్డెన్ పనంతా లుక్ ఆఫ్టర్ అనే ఈ ఒక్క మాటలనే ఉన్నది" అన్నాడు రాజేశ్వర్. "కానీ ఒక్క మాటనే తిప్పి తిప్పి చెప్తే బాగుండదు. టేక్ కేర్ ఆఫ్ అంటే కూడ గదే, జర ప్రేమ ఎక్కువ. మైండ్ అంటే కొంచెంసేపు చూసుడు, పక్కింటామె పిల్లను చూసినట్టు. కీప్ ఏన్ ఐ ఆన్ అంటే ఒక కన్నేసి ఉంచుడు. పరేషాన్ కాకు, అన్నీ వాడు."

నాలుగింటినీ అరచేతిలో రాసుకున్నాను.

పన్నెండున్నరకు చిక్కడపల్లి మెస్‌లో భోజనం. పప్పు కమ్మగా ఉంది, పెరుగు మాత్రం పులుపు. ఇంటర్వ్యూ మూడింటికి, అప్పటిదాకా ఎండలో ఎక్కడికి పోను? గ్రంథాలయం మెట్ల మీద నీడలో కూర్చున్నాను. పక్కన చదువుకునేవాళ్లు పేజీలు తిప్పే చప్పుడుకు కళ్లు మూతపడ్డాయి. కలలో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా ముందు కూర్చుంటున్నారు, నేను జడలు వేస్తున్నాను. నలభై పూర్తయ్యాయి. ఇంకా ఎవరో నా ముందు కూర్చునే ఉన్నారు. మొహం ఎంతకీ ఇటు తిప్పరు. ఉలిక్కిపడి లేచాను. అరచేతిలో అక్షరాలు చెమటకు అలుక్కుపోయాయి.

మూడింటికి నారాయణగూడలో ప్రిన్సిపల్ మేడమ్ గది. చల్లగా, కిటికీలకు ఆకుపచ్చ తెరలతో, నీళ్ల అడుగున ఉన్నట్టుంది. ఆవిడ ఇంగ్లీషులో నా పని గురించి అడిగారు. నా మొహం మండ, ఊపిరి తీసుకోకుండా అప్పగించేశాను: "ఐ లుక్ ఆఫ్టర్ ఫార్టీ గర్ల్స్, ఐ టేక్ కేర్ ఆఫ్ ఫార్టీ గర్ల్స్, ఐ మైండ్ ఫార్టీ గర్ల్స్, ఐ కీప్ ఏన్ ఐ ఆన్ ఫార్టీ గర్ల్స్."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. "ఇన్ని తీర్ల చూసుకుంటే ఆ పిల్లలకు ఊపిరాడుతదా అమ్మా? తెలుగులనే చెప్పండి, రోజూ ఏం చేస్తరు?"

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ తెలుగు అనేసరికి ప్రాణం లేచొచ్చింది. "పొద్దున్నే అందరికీ జడలు నేనే వేస్త మేడమ్. నెత్తిమీద చెయ్యి పెడితే ఎవరికి జ్వరమో తెలుస్తది. ఎవరు అలిగిన్రో, ఎవరికి అమ్మ యాదికొచ్చిందో మెడ వంచే తీరుల తెలుస్తది. నలభై జడలూ నా చేతికి ఎరుకే."

ఆవిడ కాగితాలు ముందుకు జరుపుకున్నారు. నా దరఖాస్తు చూసి, మెల్లగా, "మీకు పాప ఉన్నదని రాసిన్రు. ఇయ్యాల పాపకు జడ ఎవరు వేసిన్రు?" అన్నారు.

ఈ ఒక్కరోజు సంగతే అయితే ఏదో చెప్పేదాన్ని. రోజూ మంజులది ఆఖరి జడే. బడి గంట కొడుతుంటే, రిబ్బను కూడా సరిగా ముడిపడకుండా పరుగు తీయిస్తాను. ఒక్కోరోజు అదీ ఉండదు.

"ఎవరూ వెయ్యలేదు మేడమ్" అన్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఆవిడ నీళ్ల గ్లాసు నా వైపు జరిపారు. "జూన్ నుంచి రండి. ఇద్దరూ రండి" అన్నారు. ఇంగ్లీషు గురించి మళ్లీ అడగలేదు.

నారాయణగూడ చౌరస్తాలో ఎర్ర రిబ్బను రెండు గజాలు కొన్నాను. ఆరింటికి కాచిగూడలో బండి కదిలింది. ఈసారి కుడివైపు కిటికీ దొరికింది గానీ మొహాన పడే ఎండ బాధించలేదు. షాద్‌నగర్ దాటాక బయట అంతా మసకబారింది. చక్రాలు మళ్లీ మొదలుపెట్టాయి. ఈసారి వాటితోపాటు నేనూ మెల్లగా అన్నాను: 'ఐ లుక్ ఆఫ్టర్ మంజుల.'

వారం రోజుల్లో ఎన్ని వందలసార్లు ఆ మాట అనుకున్నానో. నా బిడ్డ పేరుతో మాత్రం అదే మొదటిసారి.