వాగు దగ్గర నా అరవైమంది

ముందే ఒప్పుకుంటాను. యుద్ధాన్ని చీరల అంగడి నడిపినట్టు నడపొచ్చని నలభై ఆరేళ్ల వయసులో నమ్మిన తెలివితక్కువ మనిషిని నేను.

ప్రొద్దుటూరులో మా అంగడికి గిరాకీ వస్తే ఉన్న సరుకంతా పరుపు మీద పరిచేస్తాం. రెండు చూపించి ఊరుకుంటే బేరం పక్క అంగడికి పోతుంది. కంప్యూటర్లో యుద్ధాల ఆట మొదలుపెట్టినప్పుడు నా సైన్యాన్నీ అట్లే పరిచాను. మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే వరస, చూడముచ్చటగా. శత్రువు గుర్రాలు వచ్చి ఆ వరసను నడిమధ్యన చింపి అవతలికి పోయాయి. మాకు చింపడం గజాల్లో అలవాటు. వాళ్లు తానులకు తానులే చింపారు.

రెండో తప్పు, సేనాపతిని వెనక గుట్ట మీద నిలబెట్టడం. యజమాని గల్లాపెట్టె వదిలి రాకూడదని మా నాయన నేర్పిన పాఠం. ఆ ఆటలో ప్రతి దళం నెత్తిన ఒక చిన్న జెండా ఉంటుంది. ధైర్యంగా ఉంటే ఆకుపచ్చ, జంకితే పసుపు, గుండె చెదిరితే తెలుపు. జెండా తెల్లబడిన దళం బల్లేలు పారేసి పరుగెడుతుంది. దాన్ని చూసి పక్క దళం, దాన్ని చూసి ఇంకొకటి. సేనాపతి దగ్గర ఉంటే జెండా తొందరగా రంగు మారదు. మావాడేమో గుట్ట మీద హాయిగా గాలి పీల్చుకుంటున్నాడు. కింద పరుగెత్తేవాళ్ల వీపుల్లో కత్తులు దిగుతున్నాయి, పడినవాళ్ల మీదుగా గుర్రాలు తొక్కుకుంటూ పోతున్నాయి. చీరల నేత గురించి గంటసేపు మాట్లాడగలను కానీ సేనలకు నేతను కాలేకపోయాను.

నన్ను ఈ ఆటలోకి దించింది మా బామ్మర్ది. నా కంటే పదేళ్లు చిన్న. పులివెందులలో బోరు మోటార్లు, పైపులు అమ్ముతాడు. జమ్మలమడుగులో మందుల షాపున్న మా తోడల్లుడు మూడోవాడు. ఆదివారం మధ్యాహ్నం అంగళ్లు మూసి, మూడు ఊళ్లలో ముగ్గురం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక పక్షంగా దిగేవాళ్లం. ఎదుటి పక్షం ఏ ఊరివాళ్లో తెలిసేది కాదు.

ఆట నియమం ప్రకారం ఎవరి సైన్యం వాళ్ల ఇష్టం. ఎక్కడ నిలబెట్టాలి, ఎప్పుడు కదపాలి, ఎప్పుడు పారిపోవాలి, అన్నీ మనవే. ఆ స్వేచ్ఛను మా బామ్మర్ది మొదటి ఆదివారమే జప్తు చేశాడు. పెద్ద సేనాపతి తనే అని రాసుకున్నాడు. పెద్ద సేనాపతి చస్తే పెత్తనం పట్టికలో తర్వాతి పేరుకు పోతుంది. వయసుకు మర్యాదగా ఆ రెండో పేరు నాది పెట్టాడు. మర్యాద అంతటితో సరి.

"బావా, నువ్వు ముందర నిలబడు. వాళ్లు నీ మీద పడతారు. నేను పక్కనించి వచ్చి కొడతా."

"వాళ్లు నా మీద పడితే నా గతేందప్పా?"

"నువ్వు చస్తావు. ఏముండాది దాంట్లో?"

నోరారా బావా అంటాడు, ఆ వెంటనే చావా అంటాడు. వారం వారం చచ్చేవాణ్ణి. తెగిన చేతులు, విరిగిన బల్లేలు, నెత్తురు కలిసిన బురద. గెలుపు మాత్రం పులివెందుల ఖాతాలో పడేది.

ఒక మధ్యాహ్నం అంగడిలో పనివాళ్ల ముఖాలు వాడిపోయి ఉంటే, ఏమీ తోచక గల్లా దిగి వాళ్ల పక్కన కూర్చుని చీరలు మడతపెట్టాను. అరగంటకల్లా వాళ్ల గొంతులు లేచాయి, నా మడతలు చూసి నవ్వుకున్నారు కూడా. ఆ ఆదివారం సేనాపతిని గుట్ట దించి, అరవైమంది బల్లెంవాళ్ల వెనకే నిలబెట్టాను. వాళ్లనూ పరవలేదు. మడతపెట్టి కట్టిన చీరల బేలులా దగ్గరదగ్గరగా పేర్చాను. గుర్రాలు వచ్చి గుద్దుకున్నాయి. ముందు వరసలో పదిమంది పడ్డారు, గుర్రాల పొట్టల్లో బల్లేలు విరిగాయి. జెండా మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

యుద్ధం తర్వాత దళంలో ఖాళీలు నిండుతాయి, నిలిచిన దళానికి డాలు మీద ఒక గీత పడుతుంది. నా అరవైమందికి నాలుగు ఆదివారాల్లో నాలుగు గీతలు పడ్డాయి. వాళ్ల మీద నాకు మమకారం పుట్టింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, మా ఆవిడ ఎప్పుడో నవ్వేసింది.

అయిదో ఆదివారం వాగున్న మైదానం వచ్చింది.

"బావా, నీ అరవైమందిని వాగు దాటే కాడ పెట్టు. నీ సేనాపతిని యాడన్నా వెనక దాచు. ఆయప్ప చస్తే మనకు పాయింట్లు పోతాయి."

"ఏ మరుగూ లేని చోటప్పా అది. ఈ రాతి గోడ వెనక్కి తీసకపోతా."

"కదలాకు. నేను చెప్పేదాకా కదలాకు."

కదల్లేదు. మొదట బాణాలు వచ్చాయి. డాలు ఎత్తినవాడి మోకాలికి, దించినవాడి గొంతుకు. తర్వాత గొడ్డళ్లవాళ్లు వాగులోకి దిగారు. నావాళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడి పొడిచారు, పొడిపించుకున్నారు. జెండా పసుపైంది. రెండుసార్లు అడిగాను, "వస్తాండావా?" అని. "వస్తాండా" అన్నాడు రెండుసార్లూ. అతను అవతల, పారిపోతున్న విలుకాళ్ల తలలు నరుకుతూ సరదా పడుతున్నాడు. నావాళ్ల జెండా తెల్లబడే వ్యవధి కూడా దొరకలేదు. వాగు ఎర్రగా పారింది.

"గెలిచినాం గదా బావా," అన్నాడు.

"అరవైమంది పోయినారప్పా."

"అవి బొమ్మలు బావా."

"కొత్త స్టాకు వస్తాదిలే అన్నా," అన్నాడు తోడల్లుడు, మందుల షాపు ఓదార్పుగా.

వచ్చే వారం నుంచి నా సైన్యాన్ని నేనే నడుపుకుంటానన్నాను. "చీరలు మడిచినంత సులభం గాదు బావా అది," అన్నాడు బామ్మర్ది. మర్నాడు అంగడిలో ఎర్ర చీరలు తీసి చూపించబుద్ధి కాలేదు.

మళ్లీ ఆదివారం అదే మైదానం, అదే వాగు. నా మాట లెక్కచేయకుండా ఈసారి నన్ను ఒక చెట్ల తోపు పక్కన ఎరగా నిలబెట్టాడు. చెప్పేదాకా కదలొద్దన్నాడు. కొత్తవాళ్లను బేలు కట్టి, సేనాపతిని వాళ్ల మధ్యన నిలిపి, ఊరుకున్నాను. ఎదుటివాళ్లు నా వైపు చూడనైనా చూడలేదు. నేరుగా మా బామ్మర్ది మీద పడ్డారు. బోరు దించినట్టు ఒకే చోట గుర్రాలను లోపలికి దించడం అతని పద్ధతి. దిగాక నాలుగు వైపులా మూసేశారు.

"బావా, రా. తొందరగా రా."

"వస్తాండా."

"పరుగెత్తించు బావా."

"పరుగెత్తితే వరస చెదురుతాదప్పా. నడిచి వస్తాండా."

అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. నేను సగం దారిలో ఉండగా అతని సేనాపతి గుర్రం కూలింది. లేవబోయిన మనిషిని మూడు బల్లేలు నేలకు కుట్టేశాయి. పెత్తనం నా పేరు కిందికి వచ్చిపడింది.

ఆపైన నావాళ్లు నడక ఆపకుండా పోయి గుద్దుకున్నారు. చాలామంది పోయారు. నా సేనాపతి మాత్రం భుజం తెగినా నిలబడే ఉన్నాడు. జెండాలు ఆకుపచ్చగా ఉన్నాయి, ఎదుటివాళ్లవి పసుపెక్కుతున్నాయి. బామ్మర్దికి ఇంకా ముప్పైమంది గుర్రపువాళ్లు మిగిలి ఉన్నారు.

"అప్పా, నీ ముప్పైమందిని వాగు కాడ నిలబెట్టు," అన్నాను.

"ఆడనా? ఆడ చస్తారు బావా."

"చస్తారు. ఏముండాది దాంట్లో?"

హెడ్‌ఫోన్లో తోడల్లుడు నవ్వును దగ్గుగా మార్చిన చప్పుడు వినిపించింది. బామ్మర్ది గొంతు కొంచెం మెత్తగా వచ్చింది. "ఎప్పుడు వెనక్కి రావాలా?"

"నేను చెప్పేదాకా కదలాకు."

చెప్పాను కూడా. కాకపోతే ముందు లేచి వంటింట్లోకి పోయి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, వచ్చి చెప్పాను. అప్పటికి నలుగురు మిగిలారు.