పూజలో ఉన్న పైపు రెంచి

మా మేస్త్రి పైపు రెంచి మీదే నా కన్నంతా. కువైట్‌కు వచ్చిన వాళ్లు కారు మీదో బంగారం మీదో ఆశపడతారు. నేను మూరెడు ఇనుము మీద మనసు పడ్డాను. ఆయన రాజంపేట నుంచి మొదటిసారి వచ్చేటప్పుడు లుంగీలో చుట్టి తెచ్చుకున్న రెంచి అది. పిడి అరిగి అరిగి నున్నగా తేలింది.

ఆ దసరా వెళ్లగానే ఆయన కువైట్‌కు ఖలాస్ చెప్పి ఊరికి వెళ్లిపోతున్నాడు. మా పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. మేస్త్రి పని మానే ఏడాది, ఆయుధ పూజ ముగించి కదిపిన పొద్దున తన పనిముట్టును ఎవడిచేత ఎత్తిస్తాడో వాడే తర్వాతి మేస్త్రి. ఎవడిచేతా ఎత్తించకపోతే అది ఆయన పెట్టెలోనే ఊరికి పోతుంది. ఈయన ఆ సంగతి మీద పెదవి విప్పలేదు. ఎన్నో గోడలకు కన్నాలు పెట్టిన నాకు ఆయన్ని ఒక్క మాట అడిగే ధైర్యం చాలలేదు.

మా పని సర్కారు కట్టడాలను కనిపెట్టుకుని ఉండటం. సబ్‌హాన్‌లో కంపెనీ వర్క్‌షాపు, దాని వెనకే మా గదులు. మిష్రిఫ్ బడుల్లో కొళాయి కారినా, సబా అల్ సలేం ఆఫీసుల్లో మోటారు మొరాయించినా మేమే పరుగెత్తాలి. కొత్త కట్టడాలతో పేచీ లేదు, చెడిన ముక్క తీసి కొత్త ముక్క పెడితే సరి. పాత రేవు పక్కన మాత్రం బ్రిటిష్ వాళ్ల పెత్తనం నాటి కట్టడం ఒకటుంది. ఇప్పుడందులో చిన్న సర్కారు క్లినిక్కు నడుస్తోంది. దాని పైపులు గయ్యాళి అత్తలాంటివి, కొత్తవాళ్ల మాట వినవు. మేస్త్రి రెంచి పట్టు పడితేనే దారికొస్తాయి.

దసరా రోజు మాకు కలిసొచ్చి సెలవు పడింది. వర్క్‌షాపు మూల కడిగి, చాప పరిచి, రెంచీలు, సుత్తెలు, డ్రిల్లు మిషన్లు అన్నీ వరసగా పేర్చి పసుపు కుంకుమలు పెట్టాం. బొరుగులు, బెల్లం, శనగ గుగ్గిళ్లు పంచుకున్నాం. నడుమ మేస్త్రి రెంచి, పెద్ద బొట్టుతో. మర్నాడు పొద్దు పొడిచి, హారతి ఇచ్చి కదిపేదాకా ఒక్క స్క్రూడ్రైవరు కూడా ముట్టకూడదు.

ఇంకా తెలవారకముందే ఫోన్ మోగింది. ఆ క్లినిక్కులో రాత్రి డ్యూటీ చేస్తున్న భీమవరం వైపు నర్సమ్మ.

“అన్నయ్యగారూ, ట్యాంకులో చుక్క నీళ్లు లేవండీ. కింద పైపు జాయింటు దగ్గర ఒకటే కారిపోతుందండీ. ఏడింటికల్లా పసిపిల్లలతో జనం వచ్చేస్తారండీ.”

మేస్త్రి అప్పటికే లేచి దీపం ముందు కూర్చుని ఉన్నాడు. విని తల పట్టుకున్నాడు. నీళ్లు వృథాగా పోతున్నాయంటే మా సీమవాడికి ఒంట్లో రక్తం పోతున్నట్టే. పక్క గది పఠాన్ తన రెంచి ఇస్తానన్నాడు. అది ఆ పాత జాయింటుకు పట్టదని మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

“ఇన్నేండ్లలో ఒక్కసారి గూడా పూజ కదపకుండా ఎత్తల్యా. పోయేముందు ఆ పని చెయ్యమంటావా అబ్బీ?” అన్నాడు నాతో.

నాకు ఆయన మీద జాలి, నీళ్ల మీద దిగులు, రెంచి మీద ఆశ, మూడూ ఒకేసారి కలిగాయి. అప్పుడు తట్టింది.

“అన్నా, పొద్దు యాడ పొడవాల? ఈడనా, మనూర్లోనా?”

“మన దేవర ఉండేది మనూర్లోనే గదా.”

“మనూరు మనకంటే రెండున్నర గంటలు ముందుండాది. ఆడ ఎప్పుడో తెల్లారింటాది. వదినకు ఫోన్ చెయ్.”

వీడియో కాల్లో వదిన చీపురుతో కనిపించింది. సంగతి విని ఫోన్‌ను తూర్పుకు తిప్పింది. కొండ మీదికి ఎక్కేసిన సూర్యుడు.

“ఇదో, కండ్లు తెరిచి సూడండి పొద్దు. ఇంట్లో నేనెప్పుడో కదిపేసినా. నీళ్లు ల్యాక జనం అల్లాడతాంటే దీపం కాడ కూసున్నారా?”

మగాళ్లమందరం చెప్పులు విడిచి ఫోన్‌కు దండం పెట్టాం. ఒకడు కర్పూరం వెలిగించాడు. అంతలో నెట్ ఆగిపోయి సూర్యుడు కదలకుండా నిలబడిపోయాడు. ఎక్కడ మాయమవుతాడోనని గబగబా హారతి కానిచ్చాం. నవ్వాపుకోలేక నా కళ్లు తడిశాయి.

“యల్లా, ఎత్తు,” అన్నాడు మేస్త్రి నావైపు చూడకుండా, చెప్పులు తొడుక్కుంటూ.

ఎత్తాను. తొందరలో అన్నాడో, పద్ధతి తలచుకుని అన్నాడో తెలియలేదు. దారంతా రెంచిని ఒళ్లో పెట్టుకుని అదే ఆలోచించాను.

క్లినిక్కులో మేస్త్రి జాయింటు చూసి, ఎటు తిప్పాలో వేలితో చూపించాడు. నేను తిప్పాను. రెండుసార్లు జారింది, మూడోసారి పట్టింది. కారడం ఆగింది, మోటారు వేశాం. కాసేపటికి కొళాయి దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తేటపడింది. నర్సమ్మ దోసిలి పట్టి, “ప్రభువుకి స్తోత్రం,” అంది. తర్వాత నా చేతిలోది చూసి నవ్వింది.

“బొట్టు పెట్టుకుని మరీ వచ్చిందేంటండీ మీ రెంచి, పెళ్లికూతుర్లాగా?”

బయట జనం రావడం మొదలైంది. పసుపంటిన రెంచిని గుడ్డతో తుడిచి, రోజూలాగే మేస్త్రికి అందించాను. ఆయన తీసుకోలేదు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

“నాకెందుకిస్తాండావు? పొద్దున ఎత్తిందెవరు?” అన్నాడు.