సుగుణ ఆంటీకి చర్చిలో ఫ్లాటు

నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చదువుకున్న రోజుల్లో ప్రతి ఆదివారం నాకు అన్నం పెట్టింది సుగుణ ఆంటీ. బాపట్ల నుంచి నర్సుగా వచ్చి అక్కడి ఆసుపత్రిలోనే రిటైరయిన ఆవిడ, ప్రార్థన అయ్యాక చర్చి వెనక హాల్లో తెలుగు విద్యార్థులకు వండిపెట్టేది. మాది ఏ మతమని ఎన్నడూ అడగలేదు. తర్వాత ఆ చర్చి మూతపడింది. ఇప్పుడు దాన్ని తక్కువ అద్దె ఫ్లాట్లుగా మార్చారు. ఆంటీ ఉంటున్న ఇంటిని ఓనర్ అమ్మేస్తుండడంతో, తక్కువ అద్దె ఇంటికోసం చాలాకాలంగా నగర కౌన్సిల్ లిస్టులో ఉన్న ఆవిడకు చివరికి ఆ చర్చిలోనే ఫ్లాటు వచ్చింది. శుక్రవారం చూసి, ఔనో కాదో చెప్పాలట. ఒక్కదాన్నే వెళ్లలేను, తోడు రమ్మని ఫోన్ చేసింది.

నేనుండే రీడింగ్ ఊళ్లో పొద్దున్నే రైలెక్కి బర్మింగ్‌హామ్‌లో మారితే మధ్యాహ్నానికి షెఫీల్డ్ చేరవచ్చు. ముందుగా కొన్నాను కాబట్టి టికెట్ నలభై పౌండ్ల లోపే అయింది. ట్రామ్ స్టాపు స్టేషన్ వెనక వైపు ఉంటుంది. చర్చికి ఎక్కడ దిగాలని కండక్టర్‌ని అడిగాను. “అదిప్పుడు చర్చి కాదు, లవ్. మా అమ్మానాన్నల పెళ్లి అక్కడే అయింది” అందామె, ఆ ఊళ్లో అందరినీ పిలిచినట్టే నన్నూ ‘లవ్’ అని పిలుస్తూ. స్టాపు రాగానే తనే గుర్తుచేసింది.

గేటు దగ్గర ఆంటీ, తాళాలతో హౌసింగ్ ఆఫీసు అమ్మాయి హెలెన్ నిలబడి ఉన్నారు. లోపల ఒకప్పటి పెద్ద హాలుకు మధ్యలో అంతస్తు వేసి, గోడలు కట్టి, తలుపులకు నంబర్లు పెట్టారు. ఇంకా కొత్త పెయింటు వాసన వస్తోంది. ఆంటీ మోకాళ్ల నొప్పుల వల్ల కింది ఫ్లాటే ఇచ్చారు. హెలెన్ వంటగది చూపిస్తుంటే ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది. పక్కనున్న రాతి స్తంభాన్ని, ఎదుటి కిటికీని మార్చి మార్చి చూసింది.

“ఇక్కడేనమ్మా” అంది తెలుగులో. “అంకుల్ పెట్టె ఇక్కడే పెట్టారు.”

ఆంటీ భర్త ప్రభుదాస్ అంకుల్ అంత్యక్రియల ప్రార్థన జరిగింది ఈ చర్చిలోనే. ఆయన శవపేటిక ఉంచిన చోట ఇప్పుడు పొయ్యి ఉంది. సంగతి తెలియని హెలెన్ వేడినీళ్లు ఎంత త్వరగా వస్తాయో చూపించడానికి కొళాయి తిప్పింది. ఆమెకు చెప్పనా అని అడిగితే ఆంటీ వద్దంది. పాపం, చిన్నపిల్ల, బాధపడుతుందట.

కింద వేరే ఫ్లాటు ఏదైనా ఉందా అని నేను హెలెన్‌ని అడిగాను. లేదంది. ఇది కాదంటే మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేనంది. ఈలోగా ఆంటీ ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది.

“పైకప్పు కారిపోతుంటే బాగుచేయించే స్తోమత లేక చర్చి మూసేద్దామని మేమంతా ఓటేశాం. నేనూ చెయ్యెత్తాను” అంది ఆంటీ నెమ్మదిగా. “ఇల్లు లేనివాళ్లకి ఇళ్లు కట్టమని అడిగింది కూడా నేనే. ఆ ఇల్లు లేనిదాన్ని నేనే అవుతాననుకోలేదమ్మా.”

పొయ్యి దగ్గరకెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత హెలెన్ వైపు తిరిగి, తీసుకుంటానని ఇంగ్లీషులో చెప్పింది. హెలెన్ సంతోషంగా ఆవిడను కౌగిలించుకుంది.

పక్క వీధిలోని టేకవే కొట్లో వేడివేడి చిప్స్ కొన్నాం. ఆంటీ ఒక్కటీ ముట్టలేదు. నేను ట్రామ్ ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, “అక్కడ నిలబడి పోపు ఎట్లా వేసుకోవాలమ్మా?” అని అడిగింది.

తలుపులు మూసిన చర్చిలో మనుషులు కాపురముంటే మంచిదేగా అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడూ అంతే అనుకుంటున్నాను. ఆంటీకి చలికాలం లోపే వెచ్చని గది దొరికింది. కాని పోయిన వారం ఫోన్ చేస్తే ఇంకా మైక్రోవేవ్‌లోనే వేడిచేసుకుని తింటున్నానంది. ఇలాంటి భవనాలు చూడ్డానికి వెళ్లేవారికి ఒక్క మాట: పగటిపూట వెళ్లి, పాత కిటికీలనూ గోపురాన్నీ రోడ్డు మీంచే చూడండి, బెల్ మాత్రం కొట్టకండి. ఇప్పుడవి మనుషులు కాపురముండే ఇళ్లు.