బాబాయికి దక్కని చాడీ

పదిహేడేళ్లప్పుడు రాయపూర్ రైల్వే కాలనీలో మా పక్కింటి బాబాయి స్కూటర్ అద్దం పగలగొట్టాను. ఆయన పోలీసు కేసు పెట్టాడు, తర్వాత రాజీ అయింది. ఆయన ఏడుపు మాత్రం సిల్తారా ఫ్యాక్టరీల సైరన్లను మించి మోగింది.

నేను ఫౌజులో చేరబోతుంటే మీసం దువ్వాడు. "వెరిఫికేషన్‌కి పోలీసులు నన్నే అడుగుతారు బేటా. అప్పుడు చెప్తా నీ సంగతి!"

ఆ ముచ్చట తీరనివ్వకూడదని, భర్తీ అధికారికి అద్దం ముక్కలతో సహా నేనే ముందు చెప్పేశాను.

కానిస్టేబుల్ రాగానే బాబాయి పురాణం విప్పాడు.

"అది కుర్రాడే చెప్పుకున్నాడు అంకుల్, కాగితాల్లో ఉంది. కొత్తదేమైనా ఉందా?" అన్నాడు కానిస్టేబుల్.

బాబాయి మీసం పక్కూరు మందిర్ హసౌద్ దాకా వేలాడింది.

ఇరవై ఏళ్లుగా ప్రతి సెలవుకీ యూనిఫాంలోనే ముందు ఆయన గుమ్మం ఎక్కుతున్నాను. కాలనీ అంతా చూస్తుండగా కాళ్లకు దండం పెడతాను. దీవించక ఏం చేస్తాడు?