రెండు రోజులు ఎక్కువ

మా తమ్ముడు అఫ్జల్‌గంజ్‌లో గడియారాలు బాగుచేసేవాడు. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటిలో పొర మెల్లగా ఊడుతోందని, దాన్ని అతికించగల డాక్టరు లండన్‌లో ఉన్నాడని, నాలుగు నెలల్లోపు వెళ్లాలని ఇక్కడి డాక్టరు చెప్పాడు. బ్రిటన్‌కు పోయే మనవాళ్లకు వీసా తప్పనిసరి చేసిన కొత్త రోజులవి.

నేను కంచన్‌బాగ్‌లో కార్మికుణ్ణి. బడిలో ఐదు దాటకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కాబట్టి కాగితాల పని నామీద పడింది. ఈ వైద్యం మనదేశంలో దొరకదని సర్కారు డాక్టర్ల బోర్డు రాసివ్వాలి, ఆ కాగితం తొంభై రోజులే చెల్లుతుంది. ఎన్ని రోజులు పడుతుందో అక్కడి డాక్టరు రాయాలి. అది కాగానే తిరిగొస్తామని మేము చూపించాలి. ఏది ఎప్పుడు వస్తుందో, ఏది ఎప్పుడు చెల్లకుండా పోతుందో ఒక అట్టమీద గీతలు గీసి పెట్టుకున్నాను.

లండన్ ఉత్తరంలో ఇరవై ఒక్క రోజులని ఉంది. ఆ లెక్కన ఇల్లు చేరేది అమావాస్య నాడు. మా అమ్మ క్యాలెండర్ ముందునుంచి లేవలేదు.

"కండ్ల పని మీద పోయి అమాసనాడు ఇల్లు చేరుతరా? రెండు దినాలు ఆగి రాండ్రి."

రెండు రోజులతో ఏమవుతుందిలే అనుకుని ఫారంలో ఇరవై మూడు అని రాశాను.

మద్రాసు వీసా ఆఫీసులో గాజు అవతలి ఆయన పెన్సిలు ఆ అంకె దగ్గరే ఆగింది. వైద్యం అయ్యాక రెండు రోజులు ఎందుకుంటారని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో అమావాస్య ఇమడలేదు, విశ్రాంతికి అన్నాను. అయితే ఆ మాట డాక్టరు రాయాలన్నాడు. కొట్టేసి ఇరవై ఒకటి రాస్తానంటే, మాట మారిస్తే ఇంకా అనుమానం అన్నాడు. టెలిగ్రాం చెల్లదు, సంతకంతో ఉత్తరమే కావాలి.

బోర్డు కాగితం గడువు పంతొమ్మిది రోజులే మిగిలింది. ఉత్తరం పోవడానికి పన్నెండు, రావడానికి పన్నెండు. తిరుగు రైల్లో ఎన్నిసార్లు కూడినా ఇరవై నాలుగే వచ్చింది. పక్కన కూర్చున్న తమ్ముడు నవ్వాడు.

"అమాసనాడె వస్తె ఏమైతుండెనన్నా? నాకు దినాం అమాసనె గదా."

ఉత్తరం ఇరవై ఆరో రోజున వచ్చింది. అప్పటికే గడువు దాటిన బోర్డు కాగితం మళ్లీ రాయాలంటే కన్ను మళ్లీ చూడాలి. బోర్డు సోమవారాలే కూర్చుంటుంది, మా వంతు నాలుగో సోమవారం పడింది. తమ్ముణ్ణి చూసి, బయట బెంచీమీద కూర్చోబెట్టి, కాగితం నా చేతికిచ్చారు. ఇక ఎక్కడికి పంపినా ప్రయోజనం లేదని ఒకే వాక్యం.

"ఏం రాసిండ్రన్నా?"

"సంతకం పెట్టే పెద్ద డాక్టర్ రాలేదట. వచ్చే సోమవారం రమ్మన్నరు," అన్నాను.

"ఏడు రోజులె గద," అని తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని లేచాడు.

అతన్ని మెట్లు దింపుతూ, ఆ సోమవారం ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.