ప్రభుదాసు రోకలి

ప్రభుదాసు గురించి నన్ను అడగొద్దు. అడిగితే మంచే చెప్పాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేదు.

నా పేరు బాలయ్య. వనపర్తిలో గద్వాల రోడ్డు మీద ఇరవై ఆరేళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. ఆరేళ్ల కిందట నా షెడ్డుకు సరిగ్గా ఎదురుగా నాలుగు రేకులు నిలబెట్టి పంక్చర్ దుకాణం తెరిచాడు ప్రభుదాసు. అలంపూర్ దగ్గరి మనిషి. తుంగభద్ర వరదలో ఇల్లు కొట్టుకుపోతే, భార్య ఏసమ్మను వెంటబెట్టుకుని పూణే వైపు రోడ్డు పనులకు పోయాడు. కొన్నాళ్లు తట్టలు మోసి, ఆ తర్వాత మట్టి టిప్పర్లకు టైర్లు మార్చాడు. అక్కడే నాలుగు పనులు చూసి నేర్చుకున్నాడట. నేను ఉస్తాద్ చేతి దెబ్బలు తింటూ ఎనిమిదేళ్లు నేర్చుకున్న విద్య ఇతను టీ తాగుతూ చూసి నేర్చుకున్నాడంటే కడుపు మండదా? మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

అతనికో విచిత్రమైన అలవాటు. ఏ బండి వచ్చినా, ఆఖరికి పంక్చర్‌కు వచ్చినా, "దీంట్ల ఎంతమంది ఎక్కుతరు?" అని అడుగుతాడు.

"ఏంది దాసూ, పెండ్లికి విస్తర్లు లెక్కపెడుతున్నవా?" అని నేను రోడ్డు ఇవతల నుంచి వెక్కిరించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

పోయిన మాఘంలో కోడేరు నుంచి రాకేష్ అనే పిల్లగాడు కారు తెచ్చాడు. వాళ్లవి పల్లీ చేన్లు. కారు పాతదే కానీ వెడల్పు టైర్లు కొత్తగా ఎక్కించాడు. "అన్నా, బండి నేలకు ఆనినట్టు కనబడాలె" అన్నాడు. నాలుగు స్ప్రింగులూ విప్పి, ఒక్కో చుట్టు కోసి, బండిని కిందికి దించాను. చూడముచ్చటగా ఉంది. సస్పెన్షన్ పని అంటే వనపర్తిలో బాలయ్యే అని నలుగురూ అంటారు. నాకున్న ఆస్తి ఆ మాట ఒక్కటే.

నాలుగో రోజు రాకేష్ మొహం మాడ్చుకుని వచ్చాడు. తల్లి ఇందిరమ్మతో సహా ఇంటిల్లిపాదీ కారెక్కి శ్రీరంగాపూర్‌లో బండికి పూజ చేయించబోతే, ప్రతి గుంతకూ వెనక టైరు దేనికో బరబరా రాసుకుందట, రబ్బరు కాలిన వాసన వచ్చిందట. "టైరు పగుల్తదేమోనని మా అమ్మ నడిమిట్లనే దిగింది" అన్నాడు.

నేనొక్కణ్ణే బండెక్కి బైపాస్ దాకా పోయి వచ్చాను. చప్పుడు లేదు. మళ్లీ పోయాను. లేదు. రాకేష్ తానూ వస్తానన్నాడు గానీ ఎక్కించుకోలేదు. గిరాకీని పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ చేయొద్దు, వాడికి లేని చప్పుళ్లు వినిపిస్తాయి అని మా ఉస్తాద్ చెప్పాడు. ఇన్నేళ్లలో నేను ఆ మాట దాటలేదు.

"బండి మంచిగనే ఉంది. నీకు అనుమానం పట్టుకుంది, గంతే" అన్నాను.

రాకేష్ నా చేతిలోంచి తాళం లాక్కున్నాడు. కారు తిప్పి రోడ్డు దాటించి నేరుగా ప్రభుదాసు రేకుల ముందు ఆపాడు.

స్పానర్ పట్టుకుని పని ఉన్నట్టు నటిస్తూ చూస్తున్నాను. ప్రభుదాసు ఎప్పటిలాగే ఎంతమంది ఎక్కుతారని అడిగాడు. ఏడుగురన్నాడు రాకేష్. ప్రభుదాసు, ఏసమ్మ గడపకు పూసే ఎర్ర జాజు కలిపి తెచ్చి, వెనక మడ్గార్డు లోపలి అంచుకు పూశాడు. భార్యనూ, బిడ్డ హెప్సిబానూ, పక్కన టీ కొట్టు మాసయ్యనూ, దారిన పోయే ఇద్దరినీ ఎక్కించి, రాకేష్‌ను నడపమని తానూ ఇరుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి టైరు మీద ఎర్రటి గీత.

ఆ గీత నాకు రోడ్డు ఇవతలికి కనిపించింది. ఖాళీ బండిలో అది పది జన్మలెత్తినా పడేది కాదు.

తర్వాత అతను చేసిన పని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతాను. అంచు మీద వేడినీళ్లు పోశాడు, రంగు పగలకుండా. ఇంట్లో కారం దంచే రోకలికి గుడ్డ చుట్టి, టైరుకూ అంచుకూ నడుమ పెట్టి, బండిని జానెడు జానెడు తోయించాడు. రోకలి దొర్లినకొద్దీ అంచు లోపలికి మడుచుకుపోయింది. రంగు పెచ్చు కూడా లేవలేదు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బిళ్లలు దూర్చి బండిని అర అంగుళం లేపాడు. నేనైతే కటింగ్ మిషన్ పెట్టి అంచును కోసేసేవాణ్ణి.

మళ్లీ టెస్ట్ అన్నాడు. మాసయ్య పొయ్యి మీద పాలున్నాయని పోయాడు. ప్రభుదాసు అటూ ఇటూ చూసి నన్ను పిలిచాడు.

"బాలన్నా, జర వచ్చి ఎనక కూసో. సన్నటోళ్లతోని కాదు, నీ అంత మనిషి కావాలె."

రాకేష్ చూస్తున్నాడు. పోకపోతే ఓర్వలేక పోలేదంటారు. పోయి కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ల మెకానిక్‌ను, వెనక సీట్లో పల్లీ బస్తాలాగా. ప్రతి గుంత దగ్గరా ఆ చప్పుడు రావాలని మొక్కుకున్నాను. చెడిపోవాలని నేను కోరుకున్న బండి నా జీవితంలో అదొక్కటే. చప్పుడు రాలేదు.

"గిది ముందుగాల ఎందుకు దొరకలే?" అన్నాడు రాకేష్, నా వైపు చూస్తూ.

"బాలన్న స్ప్రింగులు సరిగ్గనే కోసిండు" అన్నాడు ప్రభుదాసు. "ఖాళీ బండి అబద్ధం చెప్పింది, గంతే. నువ్వు మాత్రం ఐదుగురికి మించి ఎక్కించకు."

నన్ను తిట్టినా బాగుండేది. తిట్టుకోవడానికి నాకూ ఒక ఆసరా దొరికేది.

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి కిందికి దించాల్సిన అలాంటి బండే వచ్చింది. స్పానర్ అందుకుంటూ, "దీంట్ల ఎంతమంది ఎక్కుతరు?" అని అడిగాను. టిఫిన్ గిన్నె తెచ్చిన నా భార్య లలితమ్మ కిసుక్కున నవ్వింది.

"గది ప్రభుదాసు మాట గదా" అంది.

నేను వినిపించుకోలేదు. పని అయ్యాక, బరువుకు ఎవరిని కూర్చోబెట్టాలా అని చుట్టూ చూస్తున్నాను. ఎదుటి రేకుల కింద నుంచి ప్రభుదాసు చేతులు తుడుచుకుంటూ లేచి, నేను పిలవకుండానే వచ్చి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"పోనియ్ అన్నా" అన్నాడు.

ఆ రోజు రాకేష్ బండిలో వెనక సీట్లో కూర్చోవడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. అతను కాలు మీద కాలేసుకుని బయటికి చూస్తున్నాడు. నాకు మండేది అక్కడే.