దారం తూచే కాంటా మీద

మా కార్ఖానాలో దారం పెట్టెలు తూచే కాంటా మీద నా భార్యను ప్రతి సెలవు రోజునా నిలబెట్టేవాణ్ని. ఈ గుజరాతీ ఊళ్లో, ఖటోదరా అనే పేటలో నేను ఎనిమిది మరమగ్గాలు చూసుకుంటాను. అవి ఆగి ఉండే రోజు అదొక్కటే. కాంటా చూపిన అంకెను సుద్దముక్కతో గోడ మీద రాసేవాణ్ని.

ఆమెకు బొడ్డు పక్కన పేగు ఉబికి వచ్చింది. రోజంతా గదిలో కూర్చొని చీరలకు లేసు కుట్టే పని, ఒళ్లు చేసింది. పది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ చేస్తానన్నాడు డాక్టరు. అన్నం తగ్గించి ప్రోటీన్ పెంచమన్నాడు. గుడ్లు, పప్పులు, పాలు, పనీరు అని చీటీ మీద రాసిచ్చాడు.

ఆమె కడుపు చిన్నప్పటి నుంచీ అంతే. పాలు తాగితే పరుగు, శనగలు తింటే ఉబ్బరం.

"గుడ్డొక్కటే నా కడుపుకు పడ్తది" అంది.

"ఇంట్ల గుడ్డు ఉడకబెడితే మాలకిన్ ఊకుంటదా? ఖాళీ చెయ్యమంటే యాడికి పోదాం? శనగలు తిను, సోయా తిను. అందరు తింటలేరా? నీదేమన్న రాణిగారి కడుపా?" అన్నాను.

మాలకిన్ అంటే మా ఇంటి ఓనరు, ఒక గుజరాతీ ముసలావిడ. మేముండేది ఆమె ఇంటి వెనక గదిలో. గుడ్డూ మాంసమూ గడప దాటకూడదని చేరిన రోజే చెప్పింది. ఈ ఊళ్లో మా మగ్గాల వాళ్లలో చాలామంది ఇలాంటి మాటకు తలూపాకే గది సంపాదించుకున్నాం. మగవాళ్లం పని దిగాక బండి దగ్గర ఆమ్లెట్ తిని, నోరు కడుక్కొని ఇంటికొస్తాం. మా ఆడవాళ్లు బండి దగ్గర నిలబడి తినరు. వాళ్లకేం కావాలో ఎవరం అడగం. నేనూ వారానికి మూడు రోజులు తినేవాణ్ని. ఒక గుడ్డు పొట్లం కట్టించుకుని పోదామని ఒక్కనాడూ తోచలేదు.

అంకె తగ్గుతూ వచ్చింది. నాకు పట్టలేని సంతోషం. తోటివాళ్లకు గోడ చూపించి గొప్పలు పోయాను. తూచడం మొదలుపెట్టిన ఆరో నెలలో ఒక సెలవు రోజు ఆమె కాంటా ఎక్కి, కళ్లు తిరిగి, పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకుంది. చేతి గాజులు మోచేతి దాకా జారాయి. అప్పుడు చూశాను ఆ చెయ్యి.

డాక్టరు దగ్గర నేను చీటీలోని తిండి అంతా గడగడా అప్పజెప్పాను. ఆమె తల వంచుకుని, "తింటలేను సార్. శనగలు తింటే విరేచనాలు. వాడకట్టంతటికీ ఒకటే పాయఖానా. ఎన్నిసార్లని లైన్ల నిలబడాలె? అందుకే తినుడే బంద్ చేసిన" అంది.

తగ్గింది కొవ్వు కాదు, కండ అన్నాడాయన. ఈ ఒంటితో ఆపరేషన్ బల్ల ఎక్కించలేనన్నాడు.

ఆ సాయంత్రం నాలుగు గుడ్లు చొక్కాలో దాచి తెచ్చాను. కిటికీ మూసి, అగరుబత్తి వెలిగించి, దొంగలా ఉడకబెట్టాను. ఆమె మొదటిది సగం కొరికిందో లేదో తలుపు చప్పుడైంది. ముసలావిడ. గిన్నె చూసింది, మంచం మీద ఆమెను చూసింది. సామాను ఏ బస్తాల్లో కట్టాలా అని ఆలోచించాను.

"బీమార్ హై తో ఖిలావో నా. పెహలే బోల్నా థా" అంది. జబ్బు మనిషికి పెట్టుకోండి, ముందే చెప్పాల్సింది అని. గిన్నె మాత్రం వేరుగా ఉంచుకోమని చెప్పి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ముసలావిడ తలుపు మా తలుపుకు పది అడుగులు. నా మీద నాకే అసహ్యం వేసింది. నా భార్య మిగిలిన సగం గుడ్డు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"నువ్వు అడిగినవనుకున్న ఇన్ని దినాలు" అంది. "ఆమెనే వద్దన్నదనుకున్న."